సైకిల్ పక్కన పెట్టి గుమ్మడి నర్సయ్య గురించి మాట్లాడుకుందాం

గుమ్మడి నర్సయ్య గారి పేరు ఎత్తగానే ఎవరి నోటైనా మొదట వచ్చే మాట సైకిల్. ఇల్లందు నుంచి ఐదుసార్లు ఎమ్మెల్యేగా గెలిచి కూడా సైకిల్ మీద తిరిగాడు, హైదరాబాద్‌కి ఆర్టీసీ బస్సులో వచ్చిపోయేవాడు, జీతం పార్టీకి ఇచ్చేసేవాడు, ఇప్పటికీ ఊళ్ళో వ్యవసాయం చేసుకుంటున్నాడు. ఎన్నికలు దగ్గర పడ్డప్పుడల్లా ఈ నాలుగు ముక్కలూ, ఒక పాత ఫోటో కలిపి వాట్సాప్‌లో తిరుగుతాయి. కింద చేతులు జోడించిన బొమ్మలు. "ఇలాంటివాళ్ళు ఇక పుట్టరు" అని ఒక కామెంటు. ఆ తర్వాత అందరం మన పనిలో పడిపోతాం.

అందులో అబద్ధం ఏమీ లేదు. ఆయన నిజాయితీ మీద శత్రువులు కూడా వేలెత్తి చూపలేదు. అయినా ఆ పోస్టు వచ్చినప్పుడల్లా నాకు ఒళ్ళు మండుతుంది. ఎందుకంటే ఆ పొగడ్తలో ఆయన ఎలా ప్రయాణం చేశాడన్నది ఉంటుంది, ఎందుకు ప్రయాణం చేశాడన్నది ఉండదు. ఇల్లందు నుంచి అసెంబ్లీ దాకా ఆ మనిషి ఏం మోసుకొచ్చాడో ఎవరూ అడగరు. ముఖ్యమంత్రిని కలవడానికి వెళ్తే లోపలికి పోనివ్వలేదన్న వార్త కేసీఆర్ గారి హయాంలో ఒకసారి, రేవంత్ రెడ్డి గారి హయాంలో ఇంకోసారి వచ్చింది. రెండోసారి గొడవ పెద్దదయ్యాక ముఖ్యమంత్రి ఆయన్ని కలిశారు. గేటు ముందు నిలబెట్టడం అన్యాయమని రాష్ట్రమంతా మాట్లాడుకుంది. ఆయన చేతిలో ఉన్న కాగితంలో ఏముందని మాట్లాడినవాళ్ళని వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు.

నేను చెప్పదలచుకున్నది ఇదే. నిరాడంబరుడు అనే ముద్ర వేసి మనం ఆయన రాజకీయాన్ని చెరిపేస్తున్నాం. ఇరవై ఏళ్ళకు పైగా శాసనసభలో కూర్చున్న మనిషిని సభలో చేసిన పనిని బట్టి తూచాలి.

ముందు లెక్క చెప్తాను. ఇల్లందు ఎస్టీ నియోజకవర్గం నుంచి ఆయన 1983లో, 1985లో, 1989లో వరసగా గెలిచారు. 1994లో ఓడిపోయారు. మళ్ళీ 1999లో, 2004లో గెలిచారు. 2009లో ఓడాక ఇక గెలవలేదు. ఎన్టీఆర్, నెలరోజుల నాదెండ్ల భాస్కరరావు, చెన్నారెడ్డి, జనార్దన్ రెడ్డి, కోట్ల విజయభాస్కరరెడ్డి, చంద్రబాబు, రాజశేఖర రెడ్డి. ఇంతమంది ముఖ్యమంత్రులకి ఎదురుగా కూర్చున్నారు. ఒక్కరోజు కూడా అధికార పక్షంలో లేరు. 1983 అంటే తెలుగుదేశం గాలికి కొమ్ములు తిరిగిన కాంగ్రెస్ నాయకులే కొట్టుకుపోయిన ఎన్నిక. ఆ గాలిలో, చెప్పుకోవడానికి ఒక గుర్తింపు పొందిన ఎన్నికల గుర్తు కూడా లేని ఎంఎల్ (మార్క్సిస్టు-లెనినిస్టు) పార్టీ తరఫున ఒక కోయ యువకుడు గెలిచాడు. దానికి సైకిల్ కారణం కాదు. అప్పుడు అక్కడ చాలామందికి సైకిలే ఉండేది, అదీ లేనివాళ్ళు ఇంకా ఎక్కువమంది.

కారణం తెలియాలంటే ఇల్లందు ఎలాంటి చోటో చూడాలి. పాతవాళ్ళు ఆ ఊరిని ఇప్పటికీ బొగ్గుట్ట అంటారు. పందొమ్మిదో శతాబ్దం చివర్లో సింగరేణి బొగ్గు తవ్వకం మొదలైంది అక్కడే. కంపెనీకి పేరిచ్చిన సింగరేణి గ్రామం కూడా ఆ పక్కనే ఉంది. ఒకవైపు గనులు, కార్మిక వాడలు. ఇంకోవైపు గుండాల, టేకులపల్లి అడవుల్లో కోయ గూడేలు, లంబాడీ తండాలు. బొగ్గు రైలెక్కి వెళ్ళిపోయింది, కలప లారీ ఎక్కి వెళ్ళిపోయింది. గూడెంవాడికి మిగిలింది రెండే. ఒకటి అడవి అంచున నరుక్కుని సాగు చేసుకున్న పోడు చెలక. రెండోది ఎండాకాలంలో బీడీలు చుట్టే తునికాకు.

నేను ఖమ్మం జిల్లాలో పెరిగాను. మా అమ్మమ్మ వాళ్ళ ఊరు ఇల్లందు దారిలోనే. వేసవి సెలవులకి పోతే అక్కడ పెద్దవాళ్ళెవరూ మాకు దొరికేవాళ్ళు కాదు, అందరూ తునికాకు పనిలో ఉండేవాళ్ళు. తెల్లారకముందే అడవిలోకి పోయి, ఎండ నెత్తికెక్కే వేళకి మూటలతో వచ్చేవాళ్ళు. ఇంటి నీడలో కూర్చుని ఆకు మీద ఆకు పేర్చి యాభై ఆకులకి ఒక కట్ట కట్టేవాళ్ళు. చేతులు నల్లగా జిగురుపట్టి ఉండేవి. సాయంత్రం ఆకు కొనే కల్లానికి తీసుకుపోతే అక్కడ లెక్క చూసే కల్లేదారు కట్టలు ఒక్కొక్కటి ఎత్తి చూసేవాడు. "ఇది సన్నగుంది, ఇది చిల్లులు పడ్డది" అని కొన్ని పక్కన పడేసేవాడు. ఆ పక్కన పడేసిన కట్టలకి డబ్బులు ఇవ్వరు. వాటిని వెనక్కీ ఇవ్వరు. మర్నాడు అవి కూడా కల్లంలోనే ఎండేవి. మా పెద్దమ్మ ఒకరోజు పడేసిన కట్టలు తీసి ఒళ్ళో పెట్టుకుని "నాకు పైసలన్నా ఇయ్యి, ఆకన్నా ఇయ్యి" అని కదలకుండా కూర్చుంది. కల్లేదారు ఆమెతో వాదించలేదు. ఊళ్ళో సంఘం వాళ్ళు ఉన్నారా లేరా అని ఒకసారి చుట్టూ చూశాడు. ఉన్నారు. పుస్తకంలో రాసుకున్నాడు.

ఇల్లందు రాజకీయం అంటే నాకు ఇప్పటికీ ఆ చూపే గుర్తొస్తుంది. కట్టకి ఎన్ని పైసలు అన్నది ఏటా ఒక పోరాటం. ఆకు తెంపే సీజన్ ముందు గూడేల్లో మీటింగులు, రేటు తేలేదాకా అడవిలోకి పోకపోవడం, కాంట్రాక్టరు దిగిరావడం. ప్రభుత్వ కాగితాల్లో దాన్ని ఆబ్నస్ ఆకు అంటారు. దాని వ్యాపారం మీద 1971లోనే చట్టం ఉంది. వెయ్యి కట్టలు ఒక స్టాండర్డ్ బ్యాగ్. ఆ బ్యాగ్‌కి ఎంత ఇవ్వాలి, అమ్మాక మిగిలిన రాబడిలో ఏరినవాళ్ళకి బోనస్ ఎంత రావాలి అన్నది హైదరాబాద్‌లో తేలేది. కల్లంలో సంఘం ఉంటే కట్టలు లెక్కలోకి వస్తాయి. కానీ రేటు జీవో సచివాలయంలో పుడుతుంది. అక్కడ ఒక మనిషి కావాలి. నర్సయ్యను ఓటేసి పంపింది అందుకు.

ఇప్పుడు పోడు సంగతి. నా దృష్టిలో ఆయన కెరీర్ మొత్తానికీ వెన్నెముక ఇదే. 1980 అక్టోబర్‌లో అటవీ సంరక్షణ చట్టం వచ్చింది. కేంద్రం ఒప్పుకోకుండా రాష్ట్రం అడవి భూమిని ఇంకో పనికి ఇవ్వడానికి లేదన్నారు. మంచి ఉద్దేశమే. కానీ తాతల నాటి నుంచి అడవిలో దున్నుకుంటున్నా చేతిలో కాగితం లేని వాడు ఆ రోజు నుంచి ఆక్రమణదారు అయిపోయాడు. ఫారెస్టోళ్ళు వచ్చి నాగలి పట్టుకుపోవడం, ఎడ్లను తోలుకుపోవడం, కేసులు, కందకాలు. 1981 ఏప్రిల్ 20న ఆదిలాబాద్ జిల్లా ఇంద్రవెల్లిలో భూమి సమస్య మీద సభ పెట్టుకున్న గోండుల మీద పోలీసులు కాల్పులు జరిపారు. ప్రభుత్వమే 13 మంది చనిపోయారని ఒప్పుకుంది. ఇది జరిగిన రెండేళ్ళకి నర్సయ్య మొదటిసారి అసెంబ్లీలో అడుగుపెట్టారు.

ఆయన చివరిసారి సభలో ఉన్న ఐదేళ్ళలో, అంటే 2006 డిసెంబర్‌లో, అటవీ హక్కుల చట్టం పార్లమెంటులో పాసైంది. 2008 నుంచి అమల్లోకి వచ్చింది. 2005 డిసెంబర్ 13 నాటికి సాగులో ఉన్న గిరిజనుడికి పదెకరాల దాకా హక్కు పత్రం ఇవ్వాలన్నారు. తరతరాలుగా జరిగింది చారిత్రక అన్యాయమని చట్టం తన నోటితోనే చెప్పింది. చూడండి. ఆయన సభలోకి వచ్చేనాటికి పోడు చేసేవాడు నేరస్థుడు. ఆయన సభ వదిలేనాటికి అదే మనిషి హక్కుదారు. ఈ మార్పు ఆయన ఒక్కడే తెచ్చాడని నేను అనను. దేశమంతా ఎన్నో ఉద్యమాలు, ఎందరో జైళ్ళు, ప్రాణాలు దాని వెనక ఉన్నాయి. కానీ మన రాష్ట్రంలో ఆ పాతికేళ్ళలో ఎక్కువ కాలం పోడు రైతు గొంతు సభ లోపల కూడా వినపడిందంటే అందులో ఇల్లందు ఎమ్మెల్యే పాత్ర ఉంది. దాని పక్కన సైకిల్ ఎంత?

సభ లోపల ఆయన లాంటివాళ్ళ పని ఎలా ఉంటుందో కూడా చెప్పాలి. 294 మంది గెలిచి వచ్చిన సభ. ఏ అంశం మీద ఎవరు ఎంతసేపు మాట్లాడాలి అన్నది పార్టీ బలాన్ని బట్టి తేలుతుంది. పెద్ద పార్టీలకి గంటలు, చిన్న పార్టీలకి నిమిషాలు. ఒకరిద్దరే ఉన్న పార్టీ వంతు వచ్చేసరికి సభ సగం ఖాళీ అయి ఉంటుంది, పత్రికల వాళ్ళు వార్త పంపేసి ఉంటారు, నాలుగు మాటలు మాట్లాడేలోపు బెల్లు మోగుతుంది. అయినా ఒంటరి సభ్యుడి చేతిలో కొన్ని పనిముట్లు ఉంటాయి. చుక్క గుర్తు ప్రశ్న వేస్తే మంత్రి లేచి జవాబు చెప్పాల్సిందే. పద్దుల మీద కోత తీర్మానం ఇవ్వొచ్చు, అంటే ఒక శాఖ అడిగిన డబ్బులో కోత పెట్టమని పట్టుబట్టొచ్చు. జీరో అవర్‌లో లేవొచ్చు. అన్నిటికన్నా ముఖ్యం, ఆ ప్రశ్నా జవాబూ అచ్చులోకి ఎక్కుతాయి. మంత్రి గారు సభలో "విచారిస్తాం" అని ఒప్పుకున్న మాట ఆ తర్వాత ఐటీడీఏ (గిరిజనాభివృద్ధి సంస్థ) ఆఫీసులో, జిల్లా అటవీ అధికారి ముందు చూపించుకోవడానికి ఒక కాగితం అవుతుంది. గూడెంలో ఎవరి దగ్గరా ఏ కాగితమూ లేని చోట అది చిన్న విషయం కాదు.

"ఐదుసార్లు గెలిచి ఏం పీకాడు? రోడ్లు వేశాడా?" అని అడిగేవాళ్ళు మా బంధువుల్లోనే ఉన్నారు. గుండాల వైపు వానాకాలంలో వాగులు పొంగితే రాకపోకలు బంద్ అయ్యే ఊళ్ళు చూసినవాళ్ళకి ఆ కోపం రావడం సహజం. కానీ ప్రతిపక్షంలో ఒంటరిగా ఉన్న ఎమ్మెల్యే చేతిలో రోడ్ల బడ్జెట్ ఉండదు. మనం ఎమ్మెల్యేని కాంట్రాక్టు పనులు తెచ్చే మధ్యవర్తిగా చూడటం అలవాటు చేసుకున్నాం. ఏ పార్టీ అధికారంలోకి వస్తే ఆ పార్టీలోకి దూకి "నియోజకవర్గ అభివృద్ధి కోసమే" అని చెప్పే సంస్కృతి ఆ అలవాటు మీదే బతుకుతోంది. ఇంతమంది ముఖ్యమంత్రుల కాలంలో ఒక్కసారి గోడ దూకినా నర్సయ్య గారికి రోడ్లు వచ్చేవి, బహుశా మంత్రి పదవి కూడా వచ్చేది. తునికాకు రేటు మీద, పోడు కేసుల మీద ప్రభుత్వాన్ని నిలదీసే నోరు మాత్రం పోయేది. రెండిటిలో ఏది కావాలో ఇల్లందు ప్రజలు ఐదు ఎన్నికల్లో చెప్పారు. తర్వాత ఇంకో రకంగా చెప్పారు. ఆ రెండు తీర్పులనీ గౌరవించాలి.

అయితే ఆయన రాజకీయాన్ని సీరియస్‌గా తీసుకోవాలంటే అందులో ఇబ్బంది పెట్టేవి కూడా చూడాలి. సైకిల్ కథలో ఇవి రావు కాబట్టే అది అందరికీ నచ్చుతుంది.

1969 మార్చిలో కమ్యూనిస్టు నాయకుడు తరిమెల నాగిరెడ్డి గారు ఇదే శాసనసభకి రాజీనామా చేసి బయటికి పోయారు. ఈ సభ వల్ల పేదవాడికి ఒరిగేది లేదని, దారి ప్రజల పోరాటమేనని ఆయన తేల్చేశారు. ఆంధ్రలో ఎంఎల్ ఉద్యమం అక్కడి నుంచి ఊపందుకుంది. 14 ఏళ్ళు తిరగకుండా అదే ఉద్యమంలోని చండ్ర పుల్లారెడ్డి పాయ నుంచి నర్సయ్య వచ్చి అదే సభలో ప్రమాణం చేశారు. తర్వాత ఆయన ఉన్న న్యూ డెమోక్రసీ పార్టీకి అసెంబ్లీలో ఎమ్మెల్యే ఉన్నాడు, గోదావరి లోయ అడవుల్లో సాయుధ దళాలూ ఉన్నాయి. ఒక చేతిలో చుక్క గుర్తు ప్రశ్న, ఇంకో చేతిలో తుపాకీ. ఈ రెండిటినీ ఒకే పార్టీ ఎన్నాళ్ళు మోయగలదు? దళం తిరిగే ఊళ్ళో వేరే పార్టీ జెండా కట్టడానికి మనుషులు భయపడ్డ రోజులున్నాయి. ఎన్‌కౌంటర్లలో పిల్లల్ని పోగొట్టుకున్న తల్లులు రెండు వైపులా నలిగిపోయారు. పార్టీ చీలికలు, చీలికల్లో చీలికలు. దీన్ని దాచి ఆయన్ని గాంధేయవాదిలాగా చూపించడం ఆయనకే అవమానం. ఆయన గాంధేయవాది కాదు. విప్లవ రాజకీయాన్ని నమ్మిన మనిషి, ఓటుతో సభకు వచ్చిన మనిషి. నా మటుకు నేను తుపాకీ దారిని ఒప్పుకోను. నాగిరెడ్డి గారి తీర్పు కన్నా నర్సయ్య గారి రెండు దశాబ్దాల అనుభవమే మనకి ఎక్కువ నేర్పుతుందని నమ్ముతాను. సభ పేదవాడికి అన్నీ ఇవ్వదు. కానీ అక్కడ తనవాడు ఒకడు ఉంటే ఫారెస్టు గార్డు లాఠీ ఎత్తే ముందు ఆలోచిస్తాడు.

ఈ ముద్ర వేయడం మనకి ఈయనతో మొదలు కాలేదు. పుచ్చలపల్లి సుందరయ్య గారు అనగానే పార్లమెంటుకి సైకిల్ మీద పోయాడంటాం. నీటి పారుదల మీద, వ్యవసాయ కూలీల మీద ఆయన లెక్కలు కట్టి చేసిన కృషి ఎవరికి కావాలి? వావిలాల గోపాలకృష్ణయ్య గారు అనగానే ఇస్త్రీ లేని ఖద్దరు చొక్కా, భుజానికి సంచీ. సత్తెనపల్లి నుంచి నాలుగుసార్లు ఎమ్మెల్యేగా ఉండి, నాగార్జునసాగర్ కోసం పోరాడి, 1974లో అధికార భాషా సంఘానికి మొదటి అధ్యక్షుడై ఆఫీసుల్లో తెలుగు కోసం తిరిగిన సంగతి చివరి లైనులో వస్తుంది, ఒక్కోసారి అదీ రాదు. ముగ్గురూ మూడు రకాల మనుషులు. ముగ్గురినీ మనం ఒకే అచ్చులో పోసి పటం కట్టేశాం.

దీనివల్ల నష్టం ఏమిటంటే, పటంలో ఉన్నవాడితో ఎవరికీ ఇబ్బంది లేదు. ఏ పార్టీ నాయకుడైనా నర్సయ్య గారికి దండ వేసి పొగడొచ్చు, ఎందుకంటే సైకిల్ మీద తిరగమని తనని ఎవరూ అడగరు. "ఆ రోజులు వేరు" అంటే సరిపోతుంది. 2016లో తెలంగాణలో ఎమ్మెల్యే జీతభత్యాలు కలిపి నెలకి రెండున్నర లక్షలు చేసుకున్నారు. దాని మీద నాకు పెద్ద కోపం లేదు. కారులో తిరగండి, జీతం తీసుకోండి. గిరిజన సంక్షేమ పద్దు మీద చర్చ జరిగే రోజు సభలో ఉండండి, కోత తీర్మానం ఇవ్వండి, మంత్రిని నిలబెట్టి అడగండి. నర్సయ్య గారి లాగా బతకడం కష్టం. ఆయన లాగా ప్రశ్న వేయడానికి మాత్రం ఆస్తులు వదులుకోనక్కర్లేదు.

ఎందుకింత పట్టుపడుతున్నానంటే పని మిగిలే ఉంది. 2023 జూన్‌లో తెలంగాణ ప్రభుత్వం లక్షన్నర మందికి పైగా పోడు రైతులకి నాలుగు లక్షల ఎకరాలకి పైగా పట్టాలు ఇచ్చింది. పెద్ద అడుగే. కానీ తిరస్కరించిన దరఖాస్తులు ఉన్నాయి, పట్టా వచ్చిన భూమి ఒకచోట, దున్నుతున్న చెలక ఇంకోచోట అయిన కేసులు ఉన్నాయి. దానికి కొన్ని నెలల ముందు, 2022 నవంబర్‌లో, చండ్రుగొండ మండలంలో అటవీ శాఖ నాటిన మొక్కల దగ్గర జరిగిన గొడవలో ఒక ఫారెస్టు రేంజి అధికారిని నరికి చంపారు. ఆ అధికారి కూడా ఒక ఇంటి మనిషే. ఏళ్ళ తరబడి తేల్చకుండా నాన్చిన సమస్య చివరికి గూడెంవాడికీ, కింది స్థాయి ఉద్యోగికీ మధ్య రక్తంగా మారింది. ఇలాంటివి సభలో తేలాలి. అటు సింగరేణిలో 1990ల మొదట్లో లక్షకి పైగా ఉన్న ఉద్యోగులు ఇప్పుడు 40 వేల దగ్గరికి వచ్చారు. ఇల్లందు చుట్టూ భూగర్భ గనులు పోయి నేల పైనుంచే తవ్వుకుపోయే ఓపెన్ కాస్టులు వచ్చాయి. కోయగూడెం గుంత చూస్తే కళ్ళు తిరుగుతాయి. గుంతకి భూమి పోయినవాడికి ఉద్యోగం రాదు, పట్టా లేనివాడికి పరిహారమూ రాదు. పోడు, బొగ్గు రెండూ కలిసే చోటు అది. ఆ చోటు నుంచి ఇరవై ఏళ్ళు సభలో మాట్లాడిన మనిషి మన మధ్యే ఉన్నాడు. పెద్దవాడైపోయాడు. మనం ఆయనతో సెల్ఫీ దిగుతున్నాం.

యూనివర్సిటీల్లో తెలుగు, రాజనీతి శాస్త్రం, చరిత్ర చదువుతున్న పిల్లలకి నా విన్నపం ఒకటుంది. శాసనసభ చర్చలు అచ్చయి సంపుటాలుగా ఉన్నాయి. తెలుగులో మాట్లాడింది తెలుగులోనే ఉంటుంది. 1983 నుంచి 1994 దాకా, 1999 నుంచి 2009 దాకా ఉన్న సంపుటాల్లో గుమ్మడి నర్సయ్య పేరు ఉన్న ప్రతి పేజీ తీయండి. ఆయన అడిగింది ఒక పక్క, మంత్రి చెప్పింది ఇంకో పక్క పెట్టండి. ఆ కాగితాలు తీసుకుని ఆయన దగ్గరికి, గుండాల, టేకులపల్లి గూడేలకి వెళ్ళండి. తునికాకు ఏరిన ఆడవాళ్ళు ఇంకా ఉన్నారు, ఏ ఏడు కట్టకి ఎంత ఇచ్చారో వాళ్ళకి నోటికి వచ్చు. సభలో మంత్రి ఇస్తామన్న రేటు, కల్లంలో చేతికి వచ్చిన రేటు ఒకటేనా అని వాళ్ళనే అడగండి.